గాజీ మునిగిన రాత్రి, ఒక చాచా చేసిన దువా

నవంబరు వచ్చిందంటే మా బ్యాంకు కౌంటర్ ముందు పెన్షన్ తీసుకునే బుజుర్గులు బారులు తీరతారు. ఇంకా జిందాగా ఉన్నామని ఏటా ఒకసారి రుజువు ఇవ్వాలి కదా. మొన్నొక చాచా వేలిముద్రను మెషీన్ ఎంతకీ తీసుకోలేదు. వేళ్లు అరిగిపోయాయి. గుడ్డతో తుడిచి, వేలు మార్చి మళ్లీ పెట్టిస్తూ, ఊరికే అడిగాను. "ఏం నౌకరీ చేసేవారు చాచా?"

"నేవీ. 71 జంగ్ అప్పుడు వైజాగ్‌లోనే ఉన్నాను."

వెంటనే నా నోట గాజీ సినిమా మాట వచ్చింది. ఆయన నవ్వారు. "సినిమాలో మన సబ్‌మెరైన్ నీళ్ల కింద దాంతో కొట్లాడుతుంది. అసలు కిస్సా అది కాదు బేటా."

ఆ కిస్సా ఇంటికెళ్లి చదివి సరిచూసుకున్నాను. గాజీ అమెరికా వాళ్ల పాత జలాంతర్గామి, అసలు పేరు డయాబ్లో. 1964లో పాకిస్తాన్ చేతికొచ్చింది. కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా రాగలిగింది వాళ్ల దగ్గర అదొక్కటే. 1971 నవంబరు 14న, రంజాన్ నెలలో, మన విక్రాంత్‌ని వెతుక్కుంటూ బయలుదేరింది. ఆ సిపాయిలకు ఈద్ సముద్రంలోనే వచ్చింది.

విక్రాంత్‌నేమో బాయిలర్ ఖరాబై, వేగం తగ్గిందని అండమాన్ వైపు పంపేశారు. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ వేసిన ఎత్తు అక్కడే ఉంది. రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌకను విక్రాంత్‌లాగా నటించమన్నారు. దాని నుంచి ఒక మామూలు తంతి కొట్టించారు, విక్రాంత్‌లోని నావికుడెవరో జబ్బుపడ్డ అమ్మ తబియత్ ఎలా ఉందని అడుగుతున్నట్టు! దుష్మన్ చెవిన పడాలనే. జంగ్‌లో ఇలాంటి ఫరేబ్ జాయజే, కానీ అమ్మ పేరుతో చేసిందని చదివాక నాకు కాసేపు అదోలా అనిపించింది.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక వైజాగ్‌లో పెద్ద ధమాకా వినబడింది. "ఆ రాత్రి నిద్రపోయినవాడు లేడు" అన్నారు చాచా. తెల్లారాక జాలర్లకు సముద్రం మీద నూనె తెట్టు, శిథిలాలు కనిపించాయి. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకే మునిగిందని మనవాళ్లంటారు. సొంత మైన్ పేలిందని పాకిస్తాన్ అంటుంది. లోపలున్న 90 మందికి పైగా సిపాయిల్లో ఒక్కడూ మిగల్లేదన్న దాంట్లో మాత్రం పేచీ లేదు. గాజీ అంటే జంగ్ నుంచి జిందాగా తిరిగొచ్చినవాడని మన ఇళ్లలో పిల్లలకూ తెలుసు. ఆ పేరున్న జహాజే తిరిగి వెళ్లలేదు.

"ఖబర్ రాగానే అందరితో కలిసి నేనూ జిందాబాద్ కొట్టాను. ఖుషీగానే కొట్టాను, ఝూట్ ఎందుకు చెప్పాలి? వాళ్లు మమ్మల్ని ముంచడానికే వచ్చారు." గొంతు తగ్గించారు. "రాత్రి ఇషా నమాజు తర్వాత చేతులెత్తితే వాళ్లు యాదికొచ్చారు. మగ్ఫిరత్ దువా చేశాను. ఎవరికీ చెప్పలేదు. అప్పుడు చెబితే, పేరు చూసి వీడిది ఏ వైపు అనుకునేవాళ్లు."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ చెప్పను. నువ్వు అడిగావు గనక చెప్పాను."

డిసెంబరు 9న డయ్యూ దగ్గర మన ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచేసింది. 18 మంది అఫ్సర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ ముల్లా జహాజు వదల్లేదు. అందులో చాచాతో ట్రైనింగ్ చేసిన దోస్తు ఒకడున్నాడట, హిందువు. "వాడికీ అదే దువా చేశాను బేటా. నాకు వచ్చింది అదొక్కటే."

వెనక లైన్‌లో ఎవరో విసుక్కున్నారు. చాచా ఎడమచేతి చూపుడు వేలు పెట్టారు. ఈసారి మెషీన్ తీసుకుంది.

"అయితే ఇంకో సాలు బతికే ఉన్నట్టేనా?" అన్నారు. రసీదు నాలుగు మడతలు పెట్టి షేర్వానీ జేబులో వేసుకుని, సలాం చెప్పి వెళ్లిపోయారు.