నరైన్ కార్తికేయన్ తొలి పరుగులు

శృంగవరపుకోట దాటి, అనంతగిరి మీదుగా అరకు లోయకు ఎక్కు ఘాట్ మార్గమున ప్రయాణించినవారికి మలుపు అనగా ఏమో మేము వేరుగా చెప్పనక్కరలేదు. ఒక ప్రక్క కొండ, మరొక ప్రక్క లోయ; ఎదుటి బండి కానరాకమునుపే దాని హారను వినవలెను. సంతనాడు జీపు నడుపు మన్యపు డ్రైవరు ఏ మలుపున ఏ గేరు వేయవలెనో తడుముకొనక చెప్పగలడు. మోటారు పందెములకును మూలమైన విద్య ఇదియే.

1928వ సంవత్సరమున సిసిలీ ద్వీపపు కొండదారులలో జరిగిన టార్గా ఫ్లోరియో పందెమున, ఎలిష్కా యుంకోవా అను చెక్ వనిత మేటి పురుషులతో పోటీపడి ఐదవ స్థానమును పొందెను. పందెమునకు ముందే దారిని స్వయముగా పరిశీలించి మలుపులను గుర్తుంచుకొనుట ఆమె పద్ధతి. మన దేశమునుండి ఈ క్రీడలో ఫార్ములా వన్ వరకు పోయిన తొలి వ్యక్తి ఎట్లు తయారయ్యెనో ఇప్పుడు చూతము.

నరైన్ కార్తికేయన్ 1977 జనవరి 14న జన్మించెను. కోయంబత్తూరున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఒకదానికి చెందినవాడు. ఆ నగరమునకు యంత్రములపై మక్కువ క్రొత్త కాదు. 1920లో పొల్లాచ్చి, పళనిల నడుమ బస్సు నడిపిన జి.డి. నాయుడు అక్కడివాడే. నరైన్ తండ్రి జి.ఆర్. కార్తికేయన్ ర్యాలీలలో జాతీయ విజేత. దక్షిణ భారత ర్యాలీని ఏడు మారులు గెలిచెను. ఆ నగరమువాడే యగు ఎస్. కరివర్ధన్ మారుతి ఇంజనుతో ఒంటిసీటు పందెపు కారును రూపొందించి, తక్కువ ఖర్చుతో యువకులకు దారి తీసెను.

నరైన్ తొలి పందెమును శ్రీపెరుంబుదూరు వద్ద ఆ ఫార్ములా మారుతి కారులోనే పరుగెత్తి, మొదటి మువ్వురిలో నిలిచెను. 1992లో ఫ్రాన్సు దేశపు విన్‌ఫీల్డ్ పాఠశాలలో శిక్షణ పొందెను. 1994లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ శీతకాలపు పోటీలలో విజేతయై, ఐరోపాలో ఛాంపియన్‌షిప్పును గెలిచిన తొలి భారతీయుడాయెను. 1996లో ఫార్ములా ఏషియా విజేతృత్వము లభించెను. పిమ్మట బ్రిటిష్ ఫార్ములా త్రీ పోటీలలో రాటుదేలెను. 2001 జూన్ 14న సిల్వర్‌స్టన్ వద్ద జాగ్వార్ జట్టు కారును పరీక్షార్థము నడుపుటతో, ఫార్ములా వన్ కారు నడిపిన తొలి భారతీయుడను ఖ్యాతి దక్కెను.

అయినను తలుపు పూర్తిగా తెరువబడలేదు. 2004వ సంవత్సరపు పందెములకు మినార్డి జట్టు అతనికి స్థానము నిచ్చుటకు సిద్ధపడెను. కాని అందుకు కావలసిన ధనము సమకూడలేదు. ఈ క్రీడలో చేతి నేర్పు ఒక పాలు, టైర్లకు, ఇంజన్లకు, ప్రయాణములకు అగు వ్యయమును భరించువారి అండ మరొక పాలు. ఆ అండ టాటా సంస్థనుండి లభించినమీదట, 2005 మార్చి 6న మెల్‌బోర్న్ నగరమున జోర్డాన్ జట్టు పక్షమున అతడు తొలి గ్రాండ్ ప్రీ పందెమున పాల్గొనెను. తొలి పరీక్షకును ఈ దినమునకును నడుమ నాలుగేండ్లకు కొంచెము తక్కువ కాలము గడచెను.

ఈ కథలో మేము గమనించిన విషయ మొకటి కలదు. నరైన్ ప్రతిభను శంకించువారము కాము. కాని అతనికి ఇంటిలోనే గురువు, ఊరిలోనే కారు, రాష్ట్రములోనే పందెపు బాట ఉండెను. మన్యపు యువకునకు మలుపులు మాత్రమే ఉన్నవి. ఘాట్ మార్గము పందెములకు తగిన చోటు కాదు. అచ్చట నిదానమే నేర్పు. అయినను, ప్రతి సంతనాడు నిండు జీపును క్షేమముగా దించు ఆ చేతులలోనూ అట్టి విద్య దాగియుండవచ్చును. దానికి బాట చూపువారు రావలసియున్నది.