లేని చేతికి నొప్పి ఎక్కడిది? కోతుల మెదడు చెప్పిన సమాధానం



నేను ప్రభుత్వ వైద్యునిగా చేరిన తొలి సంవత్సరాలలో ఒక రైతు నా వద్దకు వచ్చాడు. చెరకు గానుగలో పడి అతని కుడిచేయి మోచేతి వరకు పోయింది. గాయం చక్కగా మానింది. "అయ్యా, లేని వేళ్ళను ఎవరో మెలిపెడుతున్నట్లు నొప్పిగా ఉంది" అన్నాడు. "అదంతా భ్రమ, మనసు గట్టి చేసుకో" అని చెప్పి నిద్రమాత్రలు రాసి పంపాను. అతడు మళ్ళీ రాలేదు. నా మాట తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ తప్పును గ్రహింపజేసిన జ్ఞానంలో పెద్ద భాగం కోతుల మెదడును పరిశీలించినవారు సంపాదించినది. ఆ చరిత్రనే నేడు మీకు చెప్పదలచాను.

ముందుగా స్పర్శ ప్రయాణించే దారిని తెలుసుకుందాం. మీ చూపుడువేలిని బల్లపై ఆనించండి. ఆ వార్త నాడి గుండా వెన్నుపామును చేరి, పైకి సాగి, మెదడు కాండం అడుగుభాగంలో మొదటి మజిలీ చేస్తుంది. అక్కడి నుండి అవతలి పక్కకు దాటి థాలమస్‌ను చేరుతుంది. థాలమస్ మెదడు నడుమ ఇరుపక్కలా కోడిగుడ్డు ఆకారంలో ఉండే నాడీకణాల ముద్ద. వాసన తప్ప తక్కిన ఇంద్రియాల వార్తలన్నీ ఇక్కడ ఆగిన తరువాతనే మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కు వెళతాయి. స్పర్శకు కేటాయించిన కార్టెక్స్, ఒక చెవి నుండి మరొక చెవి వరకు తలమీదుగా కట్టిన పట్టీలా ఉంటుంది.

1930లలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఫిలిప్ బార్డ్, క్లింటన్ వుల్సీ, వేడ్ మార్షల్ మత్తులో ఉన్న కోతుల చర్మాన్ని తాకుతూ, మెదడుపై ఎక్కడ విద్యుత్ స్పందన కలుగుతుందో గుర్తించారు. 1942 నాటికి రీసస్ కోతి శరీర పటం సిద్ధమైంది. అదే కాలంలో కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్, మెలకువగా ఉన్న రోగులకు శస్త్రచికిత్స చేస్తూ మనుషులలోనూ అటువంటి పటాన్నే కనుగొన్నాడు. పెదవులకు, వేళ్ళకు విశాలమైన స్థలం, వీపుకు కొద్దిపాటి చోటు ఉన్నాయి.

1952లో వెర్నన్ మౌంట్‌కాసిల్, ఎల్వుడ్ హెన్నెమన్ కోతి థాలమస్‌లో కూడా శరీర పటం ఉన్నదని చూపారు. 1979లో జాన్ కాస్, మైకేల్ మెర్జెనిక్, మన దేశంలో పుట్టిన మృగాంక సుర్ తదితరులు మరొక సంగతి వెల్లడించారు. కార్టెక్స్‌లో ఒకే పటమని అనుకున్నచోట పక్కపక్కనే ఒకటికి మించిన పటాలు ఉన్నాయి. థాలమస్ నుండి వచ్చే చర్మస్పర్శ తంతువులలో అత్యధికం వీటిలో '3బి' అనే ప్రాంతానికే చేరుతాయి.

బాల్యం దాటిన తరువాత ఈ పటాలు మారవని మాకు కళాశాలలో బోధించారు. 1984లో మెర్జెనిక్, కాస్ బృందం ఆ నమ్మకాన్ని సడలించింది. పెద్ద వయసు కోతికి వేలు తొలగించిన కొన్ని నెలలకు, ఆ వేలి స్థలాన్ని పక్కవేళ్ళు ఆక్రమించాయి. అయితే మార్పు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించలేదు. థాలమస్ నుండి వచ్చే ఒక్కొక్క తంతువు కార్టెక్స్‌లో ఇంచుమించు అంతమేరకే వ్యాపిస్తుంది కనుక అదే హద్దు అనుకున్నారు.

ఆ హద్దును చెరిపివేసిన కోతుల కథ విషాదకరమైనది. ఎడ్వర్డ్ టౌబ్ అనే పరిశోధకుడు కొన్ని కోతుల చేతి స్పర్శ నాడీమూలాలను కత్తిరించాడు. 1981లో సిల్వర్ స్ప్రింగ్‌లోని ఆ ప్రయోగశాలలో జంతువుల దుస్థితిపై ఫిర్యాదు రాగా, పోలీసులు 17 కోతులను స్వాధీనం చేసుకున్నారు. టౌబ్‌కు పడిన శిక్ష అప్పీలులో నిలువలేదు. అయినా ఆ వివాదం 1985లో అమెరికా జంతు సంక్షేమ చట్టం కట్టుదిట్టం కావడానికి దోహదపడింది. 1991లో టిమ్ పాన్స్ బృందం మిగిలిన కోతులలో కొన్నింటిని పరీక్షించింది. 12 ఏళ్ళుగా స్పర్శ అందని చేతి స్థలం నిద్రపోలేదు. ముఖాన్ని తాకితే స్పందించింది. ఆక్రమణ 10 మిల్లీమీటర్లకు మించింది! ఈ జ్ఞానానికి ఆ మూగజీవులు చెల్లించిన మూల్యాన్ని మనం మరువరాదు.

అంత దూరపు మార్పు ఎక్కడ మొదలైంది? 1998లో ఎడ్వర్డ్ జోన్స్, పాన్స్ ఆ కోతుల థాలమస్‌లోనే చేతి భాగం క్షీణించి ముఖభాగం విస్తరించిందని చూపారు. 2014లో హర్యానాలోని మానేసర్‌లో, నీరజ్ జైన్ బృందం ఇంకా కిందికి వెళ్ళింది. వెన్నుపాము దెబ్బతిన్న కోతులలో ముఖానికి చెందిన కార్టెక్స్‌ను మందుతో స్తంభింపజేసినా, చేతి స్థలంలో గడ్డపు స్పందన ఆగలేదు. మెదడు కాండంలోని చేతి మజిలీని స్తంభింపజేస్తే ఆగిపోయింది. మూలంలో జరిగిన చిన్న మార్పు థాలమస్ దాటి పైకి వచ్చేసరికి పెద్దదైందన్నమాట.

మద్రాసులో వైద్యవిద్య చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1992లో, చేయి కోల్పోయినవారి చెంపను దూదిపుల్లతో తాకితే లేని వేళ్ళపై తాకినట్లు కొందరికి తోచిందని వివరించారు. అయితే 2013లో టమర్ మాకిన్ బృందం, పోయిన చేతి స్థలం మెదడులో చాలావరకు నిలిచే ఉంటుందని చూపింది. నొప్పికి ఆక్రమణే కారణమా, మిగిలిన పటమే కారణమా అనే చర్చ ముగియలేదు. కానీ రెండు వాదాలూ ఒక మాట ఒప్పుకుంటాయి: ఆ నొప్పి కల్పితం కాదు.

మీ కోసం మూడు మాటలు. అవయవం కోల్పోయినవారు లేని అవయవం నొప్పి అంటే నవ్వకండి. దానికి నాడీనొప్పి మందులు, అద్దం ముందు చేసే అభ్యాసాలు ఉన్నాయి. పక్షవాతం వచ్చిన వారాలకో నెలలకో శరీరంలో సగభాగం మండుతుంటే థాలమస్ దెబ్బతిన్నదేమో వైద్యునిచేత చూపించండి. 1906లోనే దెజెరిన్, రూసీ ఈ నొప్పిని వర్ణించారు. పక్షవాతంలో బలహీనపడిన చేతిని మూలన పడేయకండి. మంచి చేతిని కట్టివేసి బలహీనమైన చేతినే పనిచేయించే చికిత్సను రూపొందించినవాడు ఆ టౌబే. కొంత కదలిక మిగిలినవారికి అది మేలు చేస్తుందని 222 మంది రోగులపై జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనం నిరూపించింది.

ఆ రైతు ఈనాడు వస్తే, ముందు కూర్చోబెట్టి, నొప్పి ఏ వేలిలో ఉందని అడిగేవాణ్ణి.