పిన్ కోడు వెనక రెండు వేల ఏళ్ల లెక్క

ప్రొద్దుటూరు 516360. జమ్మలమడుగు 516434. పులివెందుల 516390. శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించిన పిన్ కోడు పద్ధతిని తపాలా శాఖ 1972 ఆగస్టు 15న మొదలుపెట్టింది. ముందున్న 516ను చూస్తే కడప ప్రాంతం అని, చివరి మూడంకెలను చూస్తే ఫలానా పోస్టాఫీసు అని తెలిసిపోతుంది. ఇది మనిషి చేసుకున్న ఏర్పాటు. ఇవే అంకెలను వట్టి పూర్ణసంఖ్యలుగా చూస్తే మరో వర్గీకరణ ఉంది. అది ఎవరూ పెట్టింది కాదు, తరతరాలుగా కనిపెడుతూ వచ్చింది.

క్రీ.శ. 100 ప్రాంతంలో గ్రీకు పండితుడు నికోమాకస్ సంఖ్యలను మూడు జాతులుగా విడదీశాడు. సంఖ్యను వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే దానికంటే ఎక్కువొస్తే అధిక సంఖ్య, తక్కువొస్తే ఊన సంఖ్య, సరిపోతే పరిపూర్ణ సంఖ్య. ప్రొద్దుటూరుకు ఆ మొత్తం 11,56,920. పులివెందులకు 9,00,570. రెండూ అధికమే. జమ్మలమడుగుకు 2,63,866 మాత్రమే, కాబట్టి ఊనం.

పెద్ద సంఖ్యలు మనవాళ్లకు కొత్త కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో 24 స్థానాలకు పేర్లు చెప్పాడు. ఆయన ముందు మన ఆరంకెలు ఏ మూలకు? ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు.

పెద్ద సంఖ్యను విడగొట్టే ఉపాయం 1356 నాటి నారాయణ పండితుడి గణితకౌముదిలో ఉంది. బేసి సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే కారణాంకాలు బయటపడతాయి. ఫ్రాన్సులో ఫెర్మా ఇదే దారి పట్టింది 17వ శతాబ్దంలో. జమ్మలమడుగులో సగం 258217. 941 వర్గం 885481లోంచి 792 వర్గం 627264 తీసేస్తే సరిగ్గా అంతే మిగులుతుంది. 941లోంచి 792 తీసేస్తే 149, రెండూ కలిపితే 1733. రెండూ ప్రధాన సంఖ్యలే. అంటే 516434 = 2×149×1733.

1915లో రామానుజన్ భాజకాలు అత్యధికంగా ఉన్న సంఖ్యల మీద పెద్ద వ్యాసం ప్రచురించాడు. ఆ జాబితాలో చేరే 498960కి 200 భాజకాలు. దానికంటే పెద్దదైనా ప్రొద్దుటూరుకు (2³×3×5×13×331) 64 మాత్రమే. పులివెందులకు (2×3×5×7×2459) 32, జమ్మలమడుగుకు 8. 1917లో గణితవేత్త హార్డీతో కలిసి రామానుజన్ తేల్చినదాని ప్రకారం ఇంత సంఖ్యకు సాధారణంగా ఉండేది రెండు మూడు వేర్వేరు ప్రధాన కారణాంకాలే. ఆ లెక్కన జమ్మలమడుగు మామూలు సంఖ్య. చెరి ఐదు కారణాంకాలున్న తక్కిన రెండే అరుదు.

అయితే ఆ ఐదింటిలో 2, 5 ఊరికే దక్కినవి. కోడు సున్నాతో ముగియడమే అందుకు కారణం. మనిషి ఏర్పాటు, సంఖ్య స్వభావం కలిసేది ఆ ఒక్క చోటే. ప్రొద్దుటూరు కోడుకు ఒకటి కలపండి. 516361 ప్రధాన సంఖ్య. 64 భాజకాలకు బదులు దానికి ఉన్నవి రెండే. కోడు ఏది పెట్టాలన్నది తపాలా శాఖ చేతిలో ఉంది, పెట్టాక దాని కారణాంకాలు ఎవరి చేతిలోనూ లేవు.