బస్తరు నిర్వాసితుల స్వగ్రామ పునరాగమనము

2005 నుండి దక్షిణ బస్తరును విడిచి గోదావరి మన్యమునకు వచ్చిన, తెలుగువారు గుత్తికోయలని పిలుచు ఆదివాసులు దేశపు ఎల్లను దాటలేదు గనుక, అంతర్జాతీయ శాసనార్థమున శరణార్థులు కారు. వారి దురవస్థ మాత్రము అంతకన్న తక్కువది కాదు. ఆ యేటి జూన్‌లో మావోయిస్టులకు ప్రతిగా పుట్టి, మహేంద్ర కర్మ నాయకత్వమున పెరిగిన సల్వాజుడుం ఊళ్ళను ఖాళీచేయించి జనమును రహదారి శిబిరములకు తరలించుచుండగా, శిబిరమునకు పోవుటకును అడవిలో నిలుచుటకును సమానముగా జంకిన కుటుంబములు చింతూరు, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం ప్రాంతములకు చేరెను. మిరపకాయల కోతకు ఏటేట కూలికి వచ్చినవారికి ఇవి ఎరిగిన త్రోవలే. స్థానిక కోయలతో భాషయు బంధుత్వమును కలవు. రాష్ట్రపు ఎల్లలోని కోయగూడెముల ఆదరణయే వారికి మొదటి ఆశ్రయమైనది. అయినను ఆతిథ్య మొక యెత్తు, పోడుభూమి యొక యెత్తు: అడవి నరికి వేసికొన్న గుడిసెలను అటవీశాఖవారు పలుమారులు పడగొట్టిరి. 2014లో రాష్ట్రవిభజన వేళ చింతూరు మండలము ఆంధ్రప్రదేశ్‌లో కలియుటచే, కదలకయే కొందరు వేరొక రాష్ట్రపు నివాసులైరి.

తిరిగి పంపు యత్నములలో మొదట చెప్పదగినది దక్షిణ బస్తరులోని నేండ్ర గ్రామము. హిమాంశుకుమార్ నడిపిన వనవాసీ చేతనా ఆశ్రమము కార్యకర్తలు 2008లో ఆ గ్రామస్థులను ఊరు చేర్చి, దాడులకు తాము అడ్డుగా నిలుచుటకై అచ్చటనే మకాముండిరి. విత్తనము, దున్నుట, ఇల్లు కట్టుకొనుట అన్నియు ఆ కాపుదల నీడననే జరుగవలసివచ్చినది. 2009 మేలో అధికారులు ఆశ్రమమునే కూల్చివేసిరి. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనము ఆదివాసి యువకులను మావోయిస్టులపై పోరుకు ప్రత్యేక పోలీసులుగా నియమించి ఆయుధములిచ్చుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పిచ్చినది. తీర్పు తుపాకులను దింపుమన్నదే గాని ఊళ్ళను నిలుపుటకు చాలలేదు. 2019లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి ప్రభృతుల పూనికతో కొన్ని కుటుంబములు ఆంధ్రనుండి సుక్మా జిల్లా మరాయిగూడెమునకు మరలెను.

నిర్వాసితులు కోరదగిన ప్రత్యామ్నాయ భూమికి 2006 నాటి అటవీహక్కుల చట్టములో ఆధారమున్నది. కాని ఆ నిబంధన 2005 డిసెంబరు 13కు పూర్వము నిర్వాసితులైనవారికే వర్తించును. సల్వాజుడుం ఆ తేదీ గడచిన పిదపనే మరింత విజృంభించినది. గుడిసెతోపాటు కాగితములును కాలిపోయిన మనిషి తాను ఏ నెలలో పారిపోయెనో నిరూపింపవలెనన్నచో, తెలిసి చెప్పగలవారు ఇరుగుపొరుగు గూడెములవారే.