జర్మనీ తెరమీద మన బొమ్మ

జర్మనీలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో సినిమా అనగానే అందరికీ తోచేది ఒక్కటే. హైదరాబాదులో కొత్త బొమ్మ విడుదల కాగానే ఇక్కడ ఒక హాలు మాట్లాడుకోవడం, శని ఆదివారాలలో ఒకటి రెండు ఆటలు వేయించుకోవడం, నలుగురం కలిసి చూసి రావడం. ఇది మంచిదే. కాని ఈ దేశంలో సినిమా చూడడానికి మరొక సంప్రదాయం ఉన్నది. పాత చిత్రాలను, పరదేశపు చిత్రాలను ఏరి, వారం వారం వరుస పెట్టి చూపే చిన్న సినిమాశాలల సంప్రదాయం అది. దానితో భారతీయ చలనచిత్రానికి, కొంతవరకు మన తెలుగుగడ్డకు కూడా, ఉన్న సంబంధాన్ని మన పిల్లలకు చెప్పవలసి ఉన్నది.

ఈ సంబంధం మ్యూనిక్ నగరంలో మొదలైంది. బెంగాలీయుడైన హిమాంశు రాయ్ 1924లో అక్కడి ఎమెల్కా సంస్థవారిని కలిసికొని బుద్ధుని కథను చిత్రంగా తీద్దామని ఒప్పించారు. కెమెరాలు, సాంకేతిక నిపుణులు జర్మనీవారివి. నటులు, స్థలాలు, పెట్టుబడి భారతదేశానివి. ఫ్రాంజ్ ఓస్టెన్ దర్శకత్వంలో 1925లో వచ్చిన ఆ చిత్రమే ‘ప్రేమ సన్యాస్’. గౌతముని పాత్రను రాయ్ గారే ధరించారు. దాని వెనుక 1928లో ‘షీరాజ్’, 1929లో ‘ప్రపంచ పాశ్’ వచ్చాయి. మూడూ మూకీలే.

ఇక్కడ మనకు దగ్గరి పేరు ఒకటి వస్తుంది. హిమాంశు రాయ్ ని పెళ్ళాడిన దేవికారాణి 1908లో విశాఖపట్నం వాల్తేరులో జన్మించారు. కుటుంబం బెంగాలీలదే అయినా పుట్టిన గడ్డ మనది. ఆమె బెర్లిన్‌లోని ఊఫా స్టూడియోలో చలనచిత్రకళలో శిక్షణ పొందారు. 1934లో ఆ దంపతులు బొంబాయి మలాడులో బాంబే టాకీస్ నెలకొల్పినప్పుడు ఓస్టెన్, ఛాయాగ్రాహకుడు యోసెఫ్ విర్షింగ్ కూడా అక్కడికి వెళ్ళి పనిచేశారు. 1936 నాటి ‘అఛూత్ కన్య’ వారి చేతి పనే. ఆ ఓస్టెన్ నాజీ పార్టీ సభ్యుడు కూడా. చరిత్రలో ఈ మాట దాచకూడదు. 1939లో యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వం జర్మనులను నిర్బంధించింది. ఓస్టెన్ తరువాత స్వదేశం చేరాడు. విర్షింగ్ మాత్రం భారతదేశంలోనే ఉండిపోయి ‘మహల్’ (1949) తీశాడు. ‘పాకీజా’ పనిలో ఉండగా 1967లో కన్నుమూశాడు. దేవికారాణి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకొన్న తొలి వ్యక్తి అయ్యారు.

యుద్ధం ముగిశాక, 1951లో బెర్లిన్ చలనచిత్రోత్సవం మొదలైంది. సత్యజిత్ రాయ్ ‘మహానగర్’కు 1964లోను, ‘చారులత’కు 1965లోను అక్కడ ఉత్తమ దర్శకుడుగా వెండి ఎలుగుబంటి అందుకొన్నారు. 1973లో ‘అశని సంకేత్’కు బంగారు ఎలుగుబంటి లభించింది. ఆ మరుసటి యేడు, 1974లో, పోటీకి వచ్చిన చిత్రం శ్యామ్ బెనెగళ్ ‘అంకుర్’. హైదరాబాదు చెంతనున్న ఎల్లారెడ్డిగూడలో తీసిన చిత్రం అది. అప్పటికి అది పల్లె. మాట దక్కనీ అయినా ఆ దొర, ఆ పనిమనిషి, ఆ పొలం గట్లు మన తెలంగాణావే.

ఉత్సవం పది రోజుల ముచ్చట. తరువాత ఆ చిత్రాల గతి ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానంగానే ఏడాది పొడుగునా నడిచే సినిమాశాలలు పుట్టాయి. 1963లో ఏర్పడిన ఒక చిత్రాభిమానుల సంఘం 1970లో పశ్చిమ బెర్లిన్ వెల్జర్ వీధిలో ‘ఆర్సెనాల్’ అనే హాలు తెరిచింది. ఎరికా గ్రెగోర్, ఉల్రిక్ గ్రెగోర్ దంపతులు దానికి ప్రాణం. 1971 నుండి బెర్లిన్ ఉత్సవంలో ‘ఫోరం’ అనే విభాగాన్ని కూడా వారే నడిపారు. అక్కడ చూపిన చిత్రానికి జర్మన్ ఉపశీర్షికలతో ఒక ప్రతి సిద్ధం చేయడం, దానిని భద్రపరచడం, ఇతర ఊళ్ళ హాళ్ళకు పంపడం వారి పద్ధతి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1971లో నగరపాలక సంస్థే ఒక సినిమాశాల పెట్టింది. వ్యాపారపు హాళ్ళవారు కోర్టుకు వెళ్ళారు. కోర్టు నగరం పక్షాన తీర్పు చెప్పింది. గ్రంథాలయం వలె సినిమాశాల కూడా ఊరి సొత్తు కావచ్చునని అలా తేలింది. వీటినే ‘కొమ్మునాలెస్ కీనో’ అంటారు. 2004లో స్టుట్‌గార్ట్‌లో భారతీయ చిత్రాలకే ఒక ఉత్సవం మొదలైంది. ఆ ఊరు 1968 నుండి బొంబాయికి సోదర నగరం.

ఈ హాళ్ళ కార్యక్రమ పత్రికలో ఒక గుర్తు చూడవలసి ఉంటుంది: ‘ఓ.ఎం.యు.’ మూలభాషలో మాట, క్రింద జర్మన్ అక్షరాలు అని దాని అర్థం. ఇతర భాషల చిత్రాలను జర్మన్ గొంతులతో చూపడం అలవాటైన దేశంలో ఈ మూడక్షరాలు మనవంటి వారికి పెన్నిధి.

దీనివల్ల మనకేమి అంటారా? లెక్క చూడండి. భారతదేశంలో దాదాపు 1,300 మూకీలు తయారైతే, పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి ముప్పై దాటవంటారు. విదేశాల భండారాలలో ప్రతులు ఉన్నందువల్ల పైన చెప్పిన ‘షీరాజ్’, ‘ప్రపంచ పాశ్’ బ్రతికాయి. ఈ శతాబ్దంలో మళ్ళీ కొత్త సంగీతంతో తెరకెక్కాయి. మన రఘుపతి ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ దొరకదు. 1932లో విడుదలైన మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా దొరకదు. అడిగేవారు, చూసేవారు, దాచేవారు ఉన్న చిత్రమే నిలుస్తుంది.

కనుక మన సంఘాలు చేయదగిన పని ఒకటి ఉన్నది. కొత్త బొమ్మకు హాలు మాట్లాడుకొన్నట్టే, ఏటా ఒకమారు ఊరి కొమ్మునాలెస్ కీనో వారిని కలిసి ‘మల్లీశ్వరి’ (1951), ‘మాయాబజార్’ (1957), ‘మా భూమి’ (1980) వంటి చిత్రాలలో ఒకటి వేయమని అడగవచ్చు. జర్మన్ ఉపశీర్షికలు లేవంటే, వాటిని వ్రాయగలవారు మన ఇళ్ళలోనే ఉన్నారు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు తెలుగు చదవడం రాకపోవచ్చు, జర్మన్ మాత్రం కొట్టినపిండి. అమ్మమ్మ మాటకు అర్థం చెబితే మనవరాలు జర్మన్‌లో పెడుతుంది. శశిరేఖ మాటలను, ఘటోత్కచుని చమత్కారాన్ని వేరొక భాషలో చెప్పబోయినప్పుడే వాటి రుచి ఆ పిల్లకు తెలిసివస్తుంది. ఆ సాయంత్రం మన ఇరుగుపొరుగు జర్మనులు, మన ఇళ్ళలో మెట్టిన జర్మన్ కోడళ్ళు, అల్లుళ్ళు కూడా మనతో కూర్చుని నవ్వుతారు. అంతకు మించిన సాంస్కృతికోత్సవం వేరే ఏముంటుంది!