ఇల్లు ఇచ్చేది ఎవరు, లెక్క అడగాల్సింది ఎవరు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కథ

ఈరోజు ఎపిసోడ్ తేదీలతో మొదలుపెడుతున్నా. వెంటనే స్కిప్ కొట్టకండి, ఈ తేదీల్లోనే అసలు కథ ఉంది.

2025 జనవరి 21 నుంచి 24 దాకా తెలంగాణ అంతటా గ్రామసభలు, పట్టణాల్లో వార్డు సభలు పెట్టారు. ఇందిరమ్మ ఇళ్ల లిస్టులు అక్కడ చదివారు. జనవరి 26న పథకం మొదలైంది. ఇప్పుడు పక్కనే ఇంకో క్యాలెండర్ పెట్టుకోండి. ఊళ్లలో సర్పంచుల గడువు 2024 జనవరి 31కే అయిపోయింది, ఫిబ్రవరి నుంచి స్పెషల్ ఆఫీసర్ల పాలన. పట్టణాల్లో 2020 జనవరి 22న ఓట్లేసి ఎన్నుకున్న కౌన్సిళ్ల గడువు 2025 జనవరి 26తో అయిపోయింది. అంటే జగిత్యాలలో 48 వార్డులు, సిరిసిల్లలో 39, కోరుట్లలో 33, మొత్తం 120 మంది కౌన్సిలర్లు లిస్టు చదివే టైముకి తమ పదవి ఆఖరి వారంలో ఉన్నారు. ఊళ్లలో అయితే అడగడానికి సర్పంచే లేడు. మళ్లీ పంచాయతీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. ముగ్గు పోసింది, బేస్‌మెంట్ లేపింది, మొదటి బిల్లులు పడింది ఈ మధ్యలోనే.

దీన్ని ఎవరో కావాలని చేశారని నేను అనట్లేదు. అడుగుతున్నది వేరే. ఎన్నికైన లోకల్ బాడీ లేకున్నా ఇంత పెద్ద ఇళ్ల పథకం ఆగకుండా నడిచిందంటే, అంతకుముందు ఉన్నప్పుడు ఆ బాడీ చేతిలో అసలు ఏముంది?

దీనికోసం కొంచెం వెనక్కి వెళ్దాం. 1908 మూసీ వరద గురించి మీరు వినే ఉంటారు. ఆ తర్వాత 1912లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హైదరాబాద్‌లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టాడు. ఇరుకు బస్తీలు తీసేయడం, రోడ్లు వెడల్పు చేయడం, పేదలకు వరసగా ఇళ్లు కట్టడం దాని పని. మంచి పనే చేసింది, ఇప్పటికీ దాని ఆనవాళ్లు ఉన్నాయి. కానీ పేరు గమనించండి: బోర్డు. మున్సిపాలిటీ కాదు. పైనుంచి నియమించిన సంస్థ. ఇల్లు అనేది పైవాళ్లు కట్టి కిందికి ఇచ్చే వస్తువు అన్న పద్ధతి మన దగ్గర అప్పటిది.

తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హౌసింగ్ బోర్డు వచ్చింది. కరీంనగర్‌లో హౌసింగ్ బోర్డు కాలనీ తెలుసు కదా, ఆ బాపతు. అది జీతాలున్నవాళ్ల లెక్క. పేదల ఇళ్ల కోసం 1979లో స్టేట్ హౌసింగ్ కార్పొరేషన్ పెట్టారు. 1983లో ఎన్టీఆర్ వచ్చాక పక్కా ఇళ్లు పెద్ద నినాదం అయింది. కేంద్రం నుంచి 1985లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చింది. వీటన్నిటిలో మంజూరు ఒకచోట, ఇంజినీర్ ఒకచోట, బిల్లు ఒకచోట. సర్పంచ్ దగ్గరికో కౌన్సిలర్ దగ్గరికో జనం వెళ్లేది సిఫారసు కోసం. సిఫారసు చేయడం వేరు, లెక్క అడగడం వేరు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దీని దగ్గరికి.

1992 డిసెంబర్‌లో పార్లమెంటు 73, 74 రాజ్యాంగ సవరణలు పాస్ చేసింది. స్థానిక సంస్థలకు అధికారాలు అని స్కూల్లో రెండు మార్కుల ప్రశ్న. అందులో నాకు బాగా నచ్చిన డీటెయిల్ ఒకటి చెప్తా. పంచాయతీల కోసం 11వ షెడ్యూల్ ఉంది, 29 అంశాలు. పదో అంశం గ్రామీణ గృహనిర్మాణం, డైరెక్టుగా ఆ మాటే రాశారు. మున్సిపాలిటీలకు 12వ షెడ్యూల్, 18 అంశాలు. మురికివాడల అభివృద్ధి ఉంది, పట్టణ పేదరిక నిర్మూలన ఉంది, శ్మశానాలు ఉన్నాయి, పశువుల బందెల దొడ్డి కూడా ఉంది. కానీ ఇళ్లు అని విడిగా ఒక అంశం లేదు! పోనీ రాసిన పంచాయతీలకైనా దక్కిందా అంటే, ఆ అధికారాలు రాష్ట్రాలు "ఇవ్వవచ్చు" అన్నట్టే ఉంది, "ఇచ్చి తీరాలి" అని లేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఫీచర్ ఉంది కానీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసే బటన్ హైదరాబాద్‌లో ఉంది.

2006లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇందిరమ్మ పథకం తెచ్చింది. ఊరు ఊరంతా అర్హులందరికీ ఇల్లు, మూడేళ్లలో, అన్నది ఐడియా. స్కేల్ పరంగా మామూలు విషయం కాదు, మన మూడు పట్టణాల చుట్టూ ఊళ్లల్లో ఆ ఇళ్లు వేల కుటుంబాలకు మొదటి పక్కా గోడ. కానీ స్కేల్ పెరిగేకొద్దీ లేని ఇంటికి బిల్లు, ఒకే మనిషికి రెండు ఇళ్లు, పాత ఇంటికే కొత్త నంబర్, ఇలాంటి ఆరోపణలు గుట్టలుగా వచ్చాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం వీటి మీద సీఐడీ విచారణకు ఆదేశించింది. ఇక్కడే నా ఇబ్బంది. లేని ఇల్లు లేదని చెప్పడానికి సీఐడీ అక్కర్లేదు కదా? అదే వాడకట్టులో ఉండే అవ్వను అడిగితే చెప్తుంది, "గాడ ఇల్లెక్కడిది బిడ్డా, గది పెంటకుప్ప" అని. ఆమె మాట రికార్డులోకి ఎక్కే దారే లేకపోయింది.

అలాంటి దారి మన రాష్ట్రానికి తెలియనిదేం కాదు. అదే 2006లో ఉపాధి హామీ మొదలైంది, అనంతపురం జిల్లా బండ్లపల్లి నుంచి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాని మీద సోషల్ ఆడిట్ ఎంత గట్టిగా చేసిందంటే దేశం అంతా వచ్చి చూసింది. మస్టర్ పట్టుకుని ఇంటింటికీ తిరగడం, తర్వాత అందరి ముందు పేరు పేరునా చదవడం. కూలి డబ్బులకు ఆ అలవాటు చేసిన రాష్ట్రం, అంతకన్నా ఎన్నో రెట్లు ఖరీదైన ఇంటికి అంత గట్టిగా చేయలేదు. నాకు ఇది ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఇక డబుల్ బెడ్‌రూం. 2015 అక్టోబర్‌లో, దసరా రోజు ఎర్రవల్లిలో శంకుస్థాపన. ఒక్క గది ఇంట్లో బిడ్డా అల్లుడూ వస్తే ఎక్కడ పడుకోవాలి అని కేసీఆర్ సభల్లో అడిగేవాడు, మీలో చాలామంది విన్నారు. 560 చదరపు అడుగులు, లబ్ధిదారు ఒక్క రూపాయి పెట్టేది లేదు. డిజైన్‌గా నిజంగా మంచి ఇల్లు. కానీ ఇక్కడ ఒక పెద్ద మార్పు జరిగింది. ఇందిరమ్మలో ఇల్లు కట్టుకునేది ఇంటి మనిషే, బిల్లు రాకపోతే ఆమే ఆఫీసు చుట్టూ తిరిగేది. డబుల్ బెడ్‌రూంలో కట్టేది కాంట్రాక్టర్. స్లాబ్ వేసేటప్పుడు ఆ ఇల్లు ఎవరిదో ఇంకా తేలలేదు. అంటే సిమెంటు తక్కువ పడుతుంటే "నా ఇల్లు రా అది" అని అడ్డం నిలబడే మనిషే అక్కడ లేడు. ఇలాంటి చోటే కౌన్సిల్ నిలబడాలి. కానీ టెండర్ కౌన్సిల్‌ది కాదు, ఇంజినీర్ కౌన్సిల్ మనిషి కాదు, కొలతల పుస్తకం కౌన్సిల్ టేబుల్ మీదికి రాదు. ఎంపికలో గ్రామసభ, వార్డు సభ అనే మాటలు ఉన్నాయి, తర్వాత తహసీల్దార్ పరిశీలన, ఆఖరి మాట కలెక్టర్, మంత్రి స్థాయిలో.

ఇప్పుడు నూకపల్లికి రండి. జగిత్యాల పట్టణ పేదల కోసం నాలుగు వేలకు పైగా డబుల్ బెడ్‌రూం ఇళ్లు అక్కడ కట్టారు. అంతకుముందు వైఎస్ టైములో కూడా పట్టణ పేదలకు ఇందిరమ్మ కాలనీ అక్కడే మొదలుపెట్టారు, చాలా ఇళ్లు సగంలోనే ఆగాయి. ఎందుకు రెండుసార్లూ అక్కడే? జాగా. పట్టణంలో సర్కారు భూమి దొరకదు, దొరికినా దాని రేటు వేరే లెవెల్. సిరిసిల్లది కూడా ఇదే కథ. 2021 జులై 4న కేసీఆర్ ప్రారంభించిన 1,320 ఇళ్ల కాలనీ ఉన్నది తంగళ్లపల్లి మండలం మండెపల్లిలో. అది చూస్తే గేటెడ్ కమ్యూనిటీ లాగే ఉంటుంది, ఒప్పుకోవాలి.

కానీ దీని పర్యవసానం ఆలోచించండి. నువ్వు జగిత్యాలలో ఏదో ఒక వార్డులో కిరాయికి ఉన్నావు. నీ పేరు లిస్టులోకి వచ్చింది ఆ వార్డు ఓటరుగా. ఇల్లు వచ్చింది, మారావు. మారిన చోటు ఇంకో మండలం, వేరే పంచాయతీ పరిధి. నల్లా రాకపోతే ఎవరిని అడుగుతావు? పాత కౌన్సిలర్ "అది నా వార్డు కాదు" అంటాడు, ఆయన చెప్పింది కరెక్టే. ఆ ఊరి సర్పంచ్ ఏమంటాడు? వందల ఇళ్ల ఊరి కోసం ఉన్న సఫాయి వాళ్లు, ఉన్న ట్రాక్టర్, దాని మీద వేల ఇళ్లు వచ్చి పడితే ఎట్లా అంటాడు. ఆయనదీ కరెక్టే. ఇద్దరూ కరెక్ట్, నల్లా మాత్రం రాదు. పేదలు ఊరి బయటికి వెళ్లడంలో పని దూరం అవ్వడం ఒక నష్టం. సిరిసిల్లలో సాంచాల కార్ఖానాకి రాత్రి షిఫ్టుకి నడిచి వెళ్లే కార్మికుడికి ఆ దూరం చాలా పెద్దది. దాంతోపాటు తన ఓటుకి జవాబుదారీ ఎవరన్నదే మారిపోవడం ఇంకో నష్టం. ఇది మాత్రం ఏ ప్రారంభోత్సవం ఫొటోలోనూ కనపడదు.

కోరుట్ల వైపు ఇంకో రకం చూడాలి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి బెల్టులో బీడీలు చుట్టే అక్కలు, అమ్మలు వేలల్లో ఉన్నారు. వీళ్లకు కేంద్ర కార్మిక శాఖ నుంచి ప్రత్యేకంగా ఇంటి సబ్సిడీ ఉండేది, 1976లో చేసిన బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం పుణ్యాన. బీడీల మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో. 2016లో దాన్ని లక్షన్నరకు పెంచారు, మూడు విడతల్లో. మరుసటి ఏడాదే జీఎస్టీ వచ్చి సెస్సు పోయింది. అంటే వీళ్ల ఇంటి డబ్బు వీళ్ల చేతి కష్టం నుంచే వచ్చేది, అయినా అందులో మున్సిపల్ కౌన్సిల్‌కి కుర్చీ కూడా లేదు. ఇంకోటి, ఈ ఏరియాలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. ఎంక్వైరీకి వచ్చిన రోజు ఆమె బీడీలు అప్పజెప్పడానికి వెళ్తే ఇంటికి తాళం. తాళం ఉంటే ఫారంలో ఏం రాస్తారు? పక్కింటామెకు తెలుసు ఆమె ఎక్కడుందో. మళ్లీ అదే పాయింట్, తెలిసిన మనిషి మాటకు ఫారంలో కాలమ్ లేదు.

బయట ప్రపంచంలో వేరేగా ఎక్కడైనా జరిగిందా అంటే, వియన్నా. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ నగరంలో ఇళ్ల కరువు. సిటీ కౌన్సిల్ 1923లో సొంతంగా హౌసింగ్ ట్యాక్స్ వేసింది, పెద్ద ఇళ్లకు ఎక్కువ, చిన్న ఇళ్లకు తక్కువ. 1934 లోపు 60 వేలకు పైగా ఫ్లాట్లు కట్టింది. డబ్బు కౌన్సిల్‌దే, జాగా కౌన్సిల్‌దే, తప్పు జరిగితే ఓడిపోయేది కూడా కౌన్సిలే. జగిత్యాలను వియన్నాతో పోల్చి నవ్వుకోకండి. పోలిక ఊళ్ల మధ్య కాదు, తాళంచెవి ఎవరి జేబులో ఉందన్న దాని గురించి.

మన దగ్గర తాళంచెవి ఏ జేబులో ఉందో కొత్త చట్టాలు చూస్తే అర్థమవుతుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం, రెండింటిలోనూ సర్పంచ్‌నైనా చైర్‌పర్సన్‌నైనా సస్పెండ్ చేసే అధికారం పైవాళ్లకే ఉంది. తనను తీసేయగల పైవాళ్లను పట్టుకుని ఇళ్ల లెక్క చెప్పమని ఒక కౌన్సిలర్ ఎంత గట్టిగా అడుగుతాడో మీరే ఊహించుకోండి.

ఇప్పటి ఇందిరమ్మకి వస్తే, 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టారు. అయిదు లక్షలు, బేస్‌మెంట్‌కి లక్ష, గోడలు లేచాక లక్షా పాతిక వేలు, స్లాబ్‌కి లక్షా డెబ్బై అయిదు వేలు, పూర్తయ్యాక మిగతా లక్ష. 2024 అక్టోబర్‌లో ఇందిరమ్మ కమిటీలు పెట్టారు. ఊళ్లో సర్పంచ్ లేదా స్పెషల్ ఆఫీసర్, వార్డులో కౌన్సిలర్ అధ్యక్షుడు. ఇద్దరు మహిళా సంఘం సభ్యులు, ముగ్గురు స్థానికులు. మహిళా సంఘం వాళ్లను పెట్టడం నాకు నచ్చింది, ఎవరి పొయ్యి ఎక్కడుందో వాళ్లకు తెలుసు. ఆ ముగ్గురు స్థానికుల పేర్లు మాత్రం గ్రామసభ ఓటుతో రావు, పైస్థాయిలో ఆమోదం పొందుతాయి. అధికారంలో ఏ పార్టీ ఉన్నా ఆ ముగ్గురు ఎవరై ఉంటారో ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు.

టెక్నాలజీ సంగతి చెప్పకుండా వదిలితే మీరు కామెంట్లలో తిడతారు. యాప్‌లో సర్వే, ప్రతి స్టేజీకి లొకేషన్‌తో ఫొటో. లేని ఇంటికి బిల్లు అనే పాత మోసానికి ఇది బాగానే అడ్డుకట్ట. హైదరాబాద్‌లో 2023లో డబుల్ బెడ్‌రూంలకు కంప్యూటర్ డ్రా తీశారు, అది కూడా మంచిదే. కానీ నేను కోడ్ రాసినవాణ్ణి, ఒక్క మాట చెప్తా. డ్రా ఎంత నిజాయితీగా తీసినా, అందులో వేసిన లిస్టు తప్పైతే వచ్చే జవాబు కూడా తప్పే. గోడ ఎక్కడుందో ఫొటో చెప్తుంది. ఆ గోడ ఎవరికి దక్కాల్సిందో చెప్పదు. అది ఎవరైనా సభలో లేచి చెప్పాలి. 2025 జనవరి సభల్లో చాలాచోట్ల జనం లేచి గొడవ చేశారు, టీవీల్లో దాన్ని రభస అన్నారు. నా లెక్కలో పథకం మొత్తంలో అసలైన ఆడిట్ జరిగింది ఆ రభసలోనే. కాకపోతే దాన్ని రాసుకుని, జవాబు చెప్పే బాధ్యత ఉన్న ఎన్నికైన మనిషి ఆ కుర్చీలో లేడు.

లాస్ట్‌గా పనికొచ్చేది ఒకటి. మీ ఊరి గ్రామసభలో ఇళ్ల మీద ఏం తీర్మానం రాశారు, వార్డు లిస్టులో పేరు ఎందుకు పోయింది, ఇవి సమాచార హక్కు కింద అడగొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ పంచాయతీ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆ పైన పది. జవాబుకు 30 రోజులు. సభ తేదీ రాసి, తీర్మానాల రిజిస్టర్‌లో ఆ రోజు పేజీల కాపీ కావాలని అడగండి, అంతే. నూకపల్లి, మండెపల్లి లాంటి కాలనీల్లో ఉంటూ ఏ ఆఫీసుని అడగాలో తెలియకపోతే, దగ్గర్లో ఉన్న దాంట్లోనే ఇచ్చేయండి. తమది కాకపోతే అయిదు రోజుల్లో సరైన ఆఫీసుకి పంపాల్సిన బాధ్యత వాళ్లదే, చట్టంలో సెక్షన్ 6(3).