కొత్తా పాతా తెలిసే వయసు: దేశాంతర దత్తత చరిత్రలో పసిబిడ్డ

1955లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన హారీ హోల్ట్ అనే రైతు, ఆయన భార్య బెర్తా దక్షిణ కొరియాకు చెందిన ఎనిమిదిమంది పిల్లలను దత్తత చేసుకున్నారు. అప్పటి నిబంధనలు ఒక కుటుంబానికి ఇద్దరికి మించి అనుమతించనందువల్ల, వీరికోసం అమెరికా కాంగ్రెసు ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. యుద్ధం మిగిల్చిన అనాథలను ఒక సామాన్య కుటుంబం అక్కున చేర్చుకున్న ఆ కథ దేశమంతటినీ కదిలించింది. హోల్ట్ దంపతులు స్థాపించిన సంస్థ ద్వారాను, ఆ తరువాత ఏర్పడిన ఇతర సంస్థల ద్వారాను వేలాది కొరియా పిల్లలు అమెరికాకూ ఐరోపాకూ తరలివెళ్లారు. దేశాంతర దత్తత ఒక వ్యవస్థగా రూపుదిద్దుకున్నది అప్పుడే.

ఆ వ్యవస్థ ఒక నమ్మకం మీద నిలబడింది. పసితనంలోనే తెచ్చుకున్న బిడ్డకు గతం ఉండదనీ, మంచి తిండి, శుభ్రమైన ఇల్లు, ప్రేమించే తల్లిదండ్రులు ఉంటే చాలుననీ, కొత్త పేరుతో కొత్త జీవితం మొదలవుతుందనీ ఆ నమ్మకం. మన సంప్రదాయమూ దీనికి ఎంతో దూరంలో లేదు. ధర్మశాస్త్రాలు చెప్పిన దత్తత ప్రధానంగా వంశం నిలవడానికి, పితృకర్మలు జరగడానికి ఉద్దేశించినది. దత్తహోమంతో బిడ్డ గోత్రం మారుతుంది, కన్న ఇంటితో ఉన్న హక్కులు తెగుతాయి. ఆడపిల్లను దత్తత చేసుకునే హక్కు హిందువులందరికీ చట్టరీత్యా వచ్చింది 1956లోనే. అక్కడ కాగితం, ఇక్కడ క్రతువు. రెండు చోట్లా బంధం ఏర్పడేది పెద్దల చర్యవల్లే. బిడ్డవైపు నుంచి ఆ బంధం ఎప్పుడు, ఎలా ఏర్పడుతుందన్న ప్రశ్నను ఎవరూ పెద్దగా అడగలేదు.

ఆ ప్రశ్నను మొదట అడిగినవారు వైద్యులు. 1945లో రెనే స్పిట్జ్ ఆశ్రమాలలో పెరిగే పసిపిల్లల గురించి ప్రచురించిన పరిశీలన కలవరం కలిగించింది. శుభ్రతకూ ఆహారానికీ లోటులేని చోట కూడా, తమదంటూ చెప్పుకోదగిన ఒక మనిషి లేని పిల్లలు ఎదుగుదల ఆగి క్షీణించిపోతున్నారు. 1951లో జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదిక దీనికి సిద్ధాంతరూపం ఇచ్చింది. ఆ మరుసటి ఏడు జేమ్స్ రాబర్ట్‌సన్ ఒక రెండేళ్ల పాపను ఆసుపత్రిలో చిత్రీకరించాడు. తల్లికి దూరమైన పసివాళ్లు మొదట ఏడ్చి ప్రతిఘటిస్తారు. తరువాత నిరాశలో మునుగుతారు. చివరికి ఎవరూ అక్కరలేనట్టు మౌనం వహిస్తారు. ఆ మూడో దశనే అప్పటివరకూ ఆసుపత్రులు ‘పాప అలవాటుపడింది’ అని సంతోషంగా నమోదు చేసుకునేవి. మేరీ ఎయిన్స్‌వర్త్ 1950ల మధ్యలో ఉగాండా పల్లెల్లో తల్లీబిడ్డలను గమనించి, బంధం పుట్టుకతో సిద్ధంగా ఉండేది కాదనీ, రోజువారీ స్పందనలతో నెలల తరబడి అల్లుకునేదనీ చూపింది.

శాస్త్రం ఇంతగా వివరించిన ఈ విషయానికి తెలుగిళ్లలో పాత మాట ఒకటుంది. ఏడెనిమిది నెలల బిడ్డ అపరిచితుల చేతుల్లోకి వెళ్లక ముఖం తిప్పుకుంటే ‘కొత్తా పాతా తెలుస్తోంది’ అంటారు. అది బిడ్డ మొండితనం కాదు, ఎదుగుదల. తనవాళ్లెవరో తెలిసిన బిడ్డకే ఇతరులు కొత్తగా కనిపిస్తారు. తనవాళ్లంటూ ఎవరూ లేని బిడ్డకు ఈ తేడా తెలియదు. ఆ లోటు ఎంత లోతుగా పాతుకుపోతుందో ప్రపంచానికి రుమేనియాలో తెలిసింది.

జనాభా పెంచాలన్న పట్టుదలతో చౌసెస్కూ ప్రభుత్వం 1966లో గర్భస్రావాన్ని తీవ్రంగా కట్టడి చేసింది. పోషించలేని కుటుంబాలు పిల్లలను ప్రభుత్వ ఆశ్రమాలకు అప్పగించాయి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలేనాటికి లక్షకు పైగా పిల్లలు అలాంటి చోట్ల ఉన్నారు. ఆ దృశ్యాలు టెలివిజన్‌లో చూసి పాశ్చాత్య దేశాల దంపతులు వేలసంఖ్యలో తరలివచ్చారు. ఇంగ్లండుకు చేరిన పిల్లలలో 165 మందిని మైకేల్ రట్టర్ బృందం దశాబ్దాల పాటు అనుసరించింది. పోలికకోసం బ్రిటన్‌లోనే పుట్టి, ఆరు నెలలలోపు దత్తతకు వెళ్లిన 52 మందిని తీసుకున్నారు.

ఫలితాలు ఆశనూ హెచ్చరికనూ కలిపి ఇచ్చాయి. వచ్చేనాటికి ఎముకల గూళ్లలా ఉన్న పిల్లలు నాలుగేళ్లు వచ్చేసరికి బరువులోనూ ఎత్తులోనూ చాలావరకు తోటివారిని అందుకున్నారు. ఆరు నెలలలోపే ఇంటికి చేరినవారు మిగిలిన విషయాలలోనూ బ్రిటన్ పిల్లలకు తీసిపోలేదు. ఆరు నెలలు దాటి ఆశ్రమంలో గడిపినవారిలో చాలామందికి ఏకాగ్రత లోపం, సామాజిక మెలకువలలో తడబాటు, ముక్కూముఖం తెలియనివారితోనైనా వెళ్లిపోయే తత్వం యౌవనం దాకా వెంటాడాయి. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆ వర్గంలోనూ సుమారు ఐదోవంతు మంది ఏ దశలోనూ చెప్పుకోదగిన ఇబ్బంది లేకుండా పెద్దవారయ్యారు. కాబట్టి ఏ ఒక్క బిడ్డ భవిష్యత్తునూ సగటు లెక్క నిర్ణయించదు.

బుకారెస్ట్‌లోనే 2000 ప్రాంతంలో మొదలైన మరో అధ్యయనం ఇంకో మెట్టు ఎక్కింది. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా 136 మంది ఆశ్రమ శిశువులను చీటీలు తీసినట్టు రెండుగా విభజించి, సగంమందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. మూడున్నరేళ్ల వయసులో పెంపుడు ఇళ్లలోని పిల్లలలో దాదాపు సగంమందికి తమను పెంచేవారితో నిబ్బరమైన బంధం ఏర్పడింది. ఆశ్రమ వర్గంలో అది ఐదోవంతుకూ చేరలేదు. రెండేళ్లలోపు ఇల్లు దొరికినవారికి మేలు ఎక్కువ. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఆ ఇళ్లన్నీ రుమేనియాలోవే. బిడ్డకు కావలసినది సంపన్న దేశం కాదు, రోజూ కనిపించే ఒకే మనిషి.

ఈ పరిశోధనలు దత్తత కుటుంబాల రోజువారీ జీవితాన్ని కొత్త వెలుగులో చూపించాయి. ఆశ్రమంలో గడిపిన ప్రతి మూడు నెలలకూ సుమారు ఒక నెల ఎత్తు వెనకబడుతుందని అమెరికా వైద్యులు గుర్తించారు. ఇల్లు చేరిన కొద్ది నెలల్లోనే ఆ లోటు పూడడం మొదలవుతుంది. ఫోటోలలో కనిపించే పురోగతి అది. బంధం ఎదుగుదల మాత్రం తలకిందులుగా కనిపిస్తుంది. తొలివారాలలో అందరినీ చూసి నవ్వి, ఎవరు చేయి చాపితే వారి దగ్గరకు వెళ్లే పాపను చూసి బంధువులు ‘ఎంత చేరికో’ అని మురిసిపోతారు. దెబ్బ తగిలినా ఏడవని బాబును బుద్ధిమంతుడంటారు. కొన్ని నెలల తరువాత అదే పాప తల్లి గుమ్మం దాటితే గుక్కపట్టి ఏడుస్తుంది, అతిథులు పిలిస్తే తండ్రి భుజంలో ముఖం దాచుకుంటుంది. చూసేవారికి అది వెనకడుగులా తోస్తుంది. నిజానికి ఆ ఏడుపే ముందడుగు. బిడ్డకు కొత్తా పాతా తెలిసింది. తొలి నెలల్లో అన్నం పెట్టడం, ఎత్తుకోవడం, నిద్రపుచ్చడం తల్లిదండ్రులే చేయాలని నిపుణులు చెప్పేది ఇందుకే. బారసాలకు వచ్చినవారందరూ బిడ్డను చేతులు మార్చి ముద్దుచేసే ఆనవాయితీ ఇక్కడ కొంతకాలం ఆగవలసి ఉంటుంది.

అయితే, కొత్తవారిని తనవారిగా చేసుకున్న బిడ్డలో పాత అంతా చెరిగిపోతుందా? దీనికి ఆసక్తికరమైన సమాధానం భాషలో దొరికింది. చిన్నతనంలో ఫ్రాన్సుకు దత్తతగా వెళ్లిన కొరియన్లు పెద్దయ్యాక కొరియన్ వాక్యాలను గుర్తించలేకపోయారని, వారి మెదడులోనూ ఆనవాలు కనబడలేదని 2003లో ఒక ఫ్రెంచి బృందం ప్రకటించింది. పలక పూర్తిగా తుడిచిపెట్టుకుపోయినట్టే అనిపించింది. 2014లో మాంట్రియల్ పరిశోధకులు వేరే చిత్రం చూశారు. పసితనంలోనే చైనా నుంచి వచ్చి ఫ్రెంచి మాత్రమే మాట్లాడుతూ పెరిగిన బాలికల మెదడు చైనీస్ స్వరభేదాలకు చైనీస్ తెలిసినవారి మెదడులాగే స్పందించింది. నెదర్లాండ్స్‌లో పెరిగిన కొరియన్ దత్తులు ఆ భాషలోని ధ్వనులను ఇతరులకంటే సులువుగా మళ్లీ నేర్చుకోగలిగారని 2017లో తేలింది. వారిలో కొందరు మాటలు రాని వయసులోనే కొరియాను విడిచినవారు. తనకు తెలియకుండానే బిడ్డ ఏదో వెంట తెచ్చుకుంటుంది.

ఈ ‘పాత’ను కాదనడంవల్ల జరిగే అన్యాయం తెలుగునేల మీదా జరిగింది. భారతీయ శిశువులను విదేశాలకు తరలించడంలో అక్రమాలపై లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన లేఖ ఆధారంగా, 1984లో సుప్రీంకోర్టులో జస్టిస్ భగవతి చారిత్రక తీర్పు ఇచ్చారు. కన్నవారిపై ఒత్తిడి ఉండరాదనీ, వారికి పునరాలోచించుకునే అవకాశం ఉండాలనీ, మొదట దేశంలోనే కుటుంబాన్ని వెతకాలనీ ఆ తీర్పు నిర్దేశించింది. ఊహ తెలియకముందే, మూడేళ్లలోపు పంపితే బిడ్డ కొత్త వాతావరణంలో సులువుగా కలిసిపోతుందని కూడా భావించింది. కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ 1990లో ఏర్పడింది. అయినప్పటికీ 1999లోనూ 2001లోనూ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో దత్తత కేంద్రాలపై జరిగిన దర్యాప్తులు లంబాడా తండాల నుంచి ఆడశిశువులను స్వల్పమొత్తాలకు కొని, కాగితాలు మార్చి, దత్తతకు సిద్ధం చేస్తున్న వైనాన్ని బయటపెట్టాయి. ఆ పిల్లలు అనాథలు కారు. తండాలో తల్లి ఉంది, లేనిదల్లా ఆ బిడ్డను పెంచుకునే స్తోమత. పేదరికం కారణంగా బిడ్డను అప్పగించడాన్ని 2001లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. అయితే అప్పటికే విదేశీ దంపతులతో జతకుదిరిన కొందరు పిల్లలు వ్యాజ్యాలు తేలేదాకా శిశుగృహాలలోనే ఉండిపోయారు. తొందరపడితే కన్నతల్లికి అన్యాయం, జాప్యం చేస్తే తిరిగిరాని నెలల నష్టం బిడ్డకు. ఈ రెంటి మధ్య దారి వెతకడమే దత్తత చట్టానికి అసలు పరీక్ష.

1993 నాటి హేగ్ ఒడంబడికను భారతదేశం 2003లో ఆమోదించింది. 2015 చట్టం బిడ్డను అప్పగించిన తల్లికి పునరాలోచనకు రెండు నెలల గడువిస్తుంది. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనలు ప్రవాస భారతీయులకు దేశంలోని దంపతులతో సమాన ప్రాధాన్యం కల్పించాయి. బిడ్డ విదేశంలోని ఇంటికి చేరాక తొలి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి చొప్పున పురోగతి నివేదికలు వెళ్లాలి. మరోవైపు ప్రపంచమంతటా దేశాంతర దత్తతలు తగ్గిపోతున్నాయి. 2004లో అమెరికాకు సుమారు 23 వేలమంది పిల్లలు ఇలా వచ్చారు. 2023లో వచ్చినవారు దాదాపు 1,300. చైనా 2024లో ఈ మార్గాన్ని దాదాపు పూర్తిగా మూసివేసింది. కొరియా ప్రభుత్వం పర్యవేక్షణలో విఫలమైందని, పత్రాలు తారుమారయ్యాయని ఆ దేశపు సత్యశోధన సంఘమే 2025లో నిర్ధారించింది. ఆ విచారణ కోరినవారు ఒకనాటి పసివాళ్లే.

వారిలో చాలామంది ప్రేమగా పెరిగినవారే, పెంచినవారిని ప్రేమించేవారే. అయినా తన మొదటి పేరేమిటి, తనను ఎత్తుకున్న మొదటి చేతులెవరివి అన్న ప్రశ్న వారిని వదలలేదు. పెంచిన ప్రేమకు అది వ్యతిరేకం కాదని అర్థం కావడానికి ఈ వ్యవస్థకు అరవై ఏళ్లు పైగా పట్టింది. నేటి భారతీయ నిబంధనలు పద్దెనిమిదేళ్లు నిండిన దత్తులకు తమ మూలాలను వెతుక్కునే అవకాశం ఇస్తున్నాయి. ఆ రోజు పనికివచ్చేది తొలినాడు బిడ్డతోపాటు వచ్చిన కాగితాలు, ఆశ్రమంలో తీసిన ఫోటో, అక్కడి ఆయా పిలిచిన పేరు, ఆమె మాట్లాడిన భాష. ఎత్తూ బరువూ నమోదుచేసే నివేదికలో వీటికి గడులు లేవు. వాటిని జాగ్రత్తచేసి, అడిగిన రోజున దాచకుండా చెప్పవలసినది ఆ ఇల్లే. కొత్తను తనదిగా చేసుకున్న బిడ్డకు పాతను కూడా తనదిగా ఉంచుకునే హక్కు ఉంది.